దుఃఖం ఎవరి సొత్తు? – నటుని కీర్తి, కుటుంబశోకం, స్మృతిధర్మం

ఉపోద్ఘాతం

1977 నవంబరు 19న బంగాళాఖాతం దివిసీమ మీదికి వచ్చింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాలలోని తీరగ్రామాలను ఉప్పెన తుడిచిపెట్టింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతుల సంఖ్య దాదాపు 10,000. అంతకన్న ఎక్కువేనని చెప్పిన అంచనాలు కూడా ఉన్నాయి. ఆ విపత్తు తరువాత నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు మొదలైన సినీనటులు జోలె పట్టి ఊరూరా తిరిగి బాధితుల కోసం విరాళాలు సేకరించారు. ఇద్దరూ కృష్ణాడెల్టాలో పుట్టినవారే. ఒకరిది పామర్రు దగ్గరి నిమ్మకూరు, మరొకరిది గుడివాడ ప్రాంతంలోని రామాపురం. తెరమీద చక్రవర్తులుగా, ప్రేమికులుగా చూసినవారిని వీధిలో చూడాలని జనం వచ్చారు. వచ్చినవారు తామెన్నడూ ఎరుగని పల్లెకారుల కోసం, కూలీల కోసం జోలెలో డబ్బు వేసి వెళ్లారు. ఒకరి కీర్తి మరొకరి దుఃఖాన్ని మోయగలదని తెలుగుసమాజం అప్పుడు ప్రత్యక్షంగా చూసింది.

ఆ జోలె పట్టిన ఇద్దరిలో రామారావు అప్పటికి 15 ఏళ్ల క్రితమే తన పెద్దకుమారుణ్ణి పోగొట్టుకున్న తండ్రి. ఆ సంగతి తెలిసినవారికి ఇక్కడొక ప్రశ్న ఎదురవుతుంది. పరుల దుఃఖాన్ని మోసే కీర్తి, సొంత ఇంటి దుఃఖాన్ని ఏం చేస్తుంది? ప్రసిద్ధుడైన నటుడు తన కుటుంబశోకాన్ని లోకానికి చెప్పవచ్చునా? చెబితే పోయినవారికి న్యాయం జరుగుతుందా, లేక వారి మరణం బతికినవారి కీర్తికి మరొక అలంకారం అవుతుందా? చెప్పకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నలను ముగ్గురు తెలుగు నటుల జీవితసందర్భాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రామారావు, నాగేశ్వరరావు డెల్టాకు చెందినవారు. మూడవవారు నటన, రచన రెండింటా జీవించి పుత్రశోకాన్ని అనుభవించిన గొల్లపూడి మారుతీరావు.

శోకం, శ్లోకం, చితాభస్మం

వ్యక్తిగతశోకానికీ కళకూ ఉన్న సంబంధాన్ని గురించిన చర్చ భారతీయ అలంకారశాస్త్రంలో క్రౌంచవధ దగ్గర మొదలవుతుంది. వాల్మీకి శోకమే శ్లోకమైందని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో అన్నాడు. దానికి లోచనవ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు ఒక జాగ్రత్త చెప్పాడు. ఆ శోకాన్ని ముని సొంత శోకంగా భావించకూడదన్నాడు. ముని తానే ఆ దుఃఖంతో కుమిలిపోతున్నట్లయితే అక్కడ రసానికి తావుండదని ఆయన వాదం. ఒక పక్షికి కలిగిన వియోగం దేశకాలవ్యక్తుల హద్దులు దాటి, ఎవరిదీ కాక అందరిదీ అయినప్పుడే కావ్యమవుతుంది. దీనినే అలంకారికులు సాధారణీకరణమన్నారు.

ఈ సిద్ధాంతానికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదంతం ఒకటి గ్రీకు రంగస్థలం నుంచి వచ్చింది. క్రీస్తుశకం రెండవ శతాబ్దపు రోమన్ రచయిత ఆలస్ గెలియస్ దాన్ని నమోదు చేశాడు. ఏథెన్సులో పోలస్ అనే ప్రఖ్యాత నటుడుండేవాడు. అతని ప్రియపుత్రుడు మరణించాడు. కొంతకాలానికి అతడు సొఫోక్లిస్ నాటకంలో ఎలెక్ట్రా పాత్ర ధరించవలసి వచ్చింది. సోదరుని చితాభస్మం ఉందని నమ్మిన పాత్రను పట్టుకొని ఎలెక్ట్రా విలపించే ఘట్టం అది. పోలస్ సమాధి నుంచి తన కుమారుని అస్థిపాత్రను తెప్పించి, దాన్నే చేతబట్టి రంగస్థలం మీద ఏడ్చాడు. ప్రేక్షకులు చూసింది నటనను కాదని, నిజమైన శోకాన్నని గెలియస్ చెప్పాడు.

రసదృష్టితో చూస్తే పోలస్ చేసినది శాస్త్రవిరుద్ధం. నీతిదృష్టితో చూస్తే అంతకన్న క్లిష్టమైన ప్రశ్న ఉంది. ఆ అస్థిపాత్రలో ఉన్న బాలుడు నాటకానికి ఒక రంగసామగ్రి అయ్యాడు. ప్రేక్షకుల కన్నీరు ఎలెక్ట్రా కోసం, వారి ప్రశంస పోలస్ కోసం. కుమారునికి దక్కినదేమిటి? గెలియస్ చెప్పిన ఉదంతంలో ఆ బాలునికి పేరు కూడా లేదు. తండ్రి పేరు మాత్రం రెండువేల ఏళ్లు నిలిచింది.

అయితే సాధారణీకరణంలో కూడా ఇటువంటి నష్టమే మరొక రూపంలో ఉంది. దుఃఖం అందరిదీ కావాలంటే పోయిన మనిషి ప్రత్యేకత కొంత కరిగిపోవాలి. ఫలానా ఇంటి ఫలానా కొడుకు ‘ఒక కొడుకు’ కావాలి. తెలుగులో ఆధునికకాలపు స్మృతికావ్యాలు ఈ ఇరుకును ఎదుర్కొన్నాయి. బందరులో చదువుకొని, అక్కడే జాతీయకళాశాలలో పనిచేసిన విశ్వనాథ సత్యనారాయణ భార్యావియోగాన్ని ‘వరలక్ష్మీ త్రిశతి’గా రాసినప్పుడు ఆమె పేరును కావ్యం పేరులోనే నిలిపారు. అనుభూతి అందరిదైనా పేరు ఆమెదే. పేరును నిలపడమన్న ఈ చిన్న నిర్ణయం వెనుక పెద్ద నైతికవివేకం ఉంది. నటుల విషయంలో కూడా అదే కీలకమవుతుంది.

మౌనం – రామారావు

1962లో రామారావు పెద్దకుమారుడు రామకృష్ణ మరణించాడు. అది ‘ఇరుగు పొరుగు’ చిత్రనిర్మాణ కాలం. తండ్రి ఆ శోకాన్ని గ్రంథంగా రాయలేదు. మరుసటి సంవత్సరం విడుదలైన ‘లవకుశ’లో తెలుగు ప్రేక్షకులు ఆయనను భార్యాపుత్రులకు దూరమైన రామునిగా చూశారు. ఆ తెరమీది దుఃఖంలో ఇంటి దుఃఖం ఎంత ఉందో, అసలు ఉందో లేదో ప్రేక్షకునికి తెలిసే వీలు లేదు. రాముని కరుణరసాన్ని భవభూతి పుటపాకంతో పోల్చాడు. మూసిన పాత్రలో లోలోపలే ఉడికే వేదన అది. రామారావు పద్ధతి పోలస్‌కు పూర్తిగా వ్యతిరేకం. ఆయన కొడుకు స్మృతిని తన వేషంలోకి తేలేదు.

కొడుకు పేరు మాత్రం రెండుచోట్ల మళ్లీ వినిపించింది. తరువాత పుట్టిన కుమారులలో ఒకరికి అదే పేరు పెట్టారు. హైదరాబాదు నాచారంలో నిర్మించిన చిత్రనిర్మాణకేంద్రానికి రామకృష్ణ స్టూడియోస్ అని పేరు పెట్టారు. పోయినవారి పేరు పుట్టినవారికి పెట్టుకోవడం తెలుగిళ్లలో ఆచారమే. తాతపేరు మనుమనికి వచ్చినంత సహజంగా ఇంట్లో ఆ పేరు మళ్లీ పలికి ఉంటుంది. స్టూడియోకు పెట్టిన పేరు మరొక పని చేసింది. వెలుగులవారు, వడ్రంగులు, మేకప్‌వారు, పెద్దవేషాల కోసం ఎదురుచూసే చిన్ననటులు పని చేసుకొనే చోటికి ఆ బాలుని పేరు గుర్తయింది. దుఃఖాన్ని చెప్పకుండానే పేరును నలుగురి వాడుకలోకి పంపిన పద్ధతి ఇది.

మౌనం ఉదాత్తమని ఇక్కడితో తీర్పు చెప్పడానికి మాత్రం వీలు లేదు. ప్రసిద్ధుని మౌనం ఎక్కువకాలం ఖాళీగా ఉండదు. దాన్ని అభిమానులు కథలతో నింపుతారు. పుత్రమరణ సమయంలో సైతం పని ఆపని దీక్షాపరుడన్న కీర్తికథ రామారావు చుట్టూ అల్లుకుంది. ఆ కథలో నాయకుడు తండ్రి. కొడుకు మరణం తండ్రి ధీరత్వాన్ని కొలిచే కొలబద్దగా మిగిలింది. చెప్పినవారి ఉద్దేశం భక్తే కావచ్చు. ఫలితం మాత్రం పోలస్ ఉదంతానికి దగ్గరగా ఉంది. తాను చెప్పకపోయినా తన దుఃఖం కీర్తికి ముడిసరుకు కాగలదన్నది ప్రసిద్ధుని ప్రత్యేక దురవస్థ. సామాన్యుడు మౌనంగా ఉంటే అతని దుఃఖం అతనితోనే ఉంటుంది. ప్రసిద్ధుడు మౌనంగా ఉంటే అతని తరఫున మరొకరు మాట్లాడతారు. కాబట్టి మౌనం ఒక్కటే పోయినవారిని రక్షించలేదు.

వచనం – గొల్లపూడి మారుతీరావు

1939లో విజయనగరంలో పుట్టిన గొల్లపూడి మారుతీరావు నాటకకర్తగా, కథకునిగా, నవలాకారునిగా, ఆకాశవాణి ఉద్యోగిగా పేరు తెచ్చుకొని, ‘డాక్టర్ చక్రవర్తి’తో సినీరచనలో ప్రవేశించారు. నటునిగా తెరమీదికి వచ్చింది 1982లో, ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో. నలభై దాటిన తరువాత వచ్చిన ఆ కీర్తి రచయితగా దశాబ్దాలలో వచ్చిన గుర్తింపును కొద్దికాలంలోనే మించిపోయింది. ఆయన కుమారుడు శ్రీనివాస్ దర్శకుడై ‘ప్రేమపుస్తకం’ అనే తొలిచిత్రాన్ని ప్రారంభించారు. 1992 ఆగస్టు 12న విశాఖతీరంలో చిత్రీకరణ జరుగుతుండగా ఒక కెరటం ఆయనను తీసుకుపోయింది. అసంపూర్ణంగా ఉన్న ఆ చిత్రాన్ని తండ్రి పూర్తిచేశారు. 1993లో అది విడుదలైంది.

కొడుకు వదిలిన పనిని తండ్రి పూర్తిచేయడంలో లోకక్రమం తలకిందులైంది. తండ్రి ఆరంభించినదాన్ని కొడుకు కొనసాగించడం రివాజు. ఇక్కడ తండ్రి కొడుకుకు వారసుడయ్యాడు. ఆ సందర్భంలో నైతికంగా ఒక సున్నితమైన అంశం ఉంది. కొడుకు సినిమాను పూర్తిచేయడమంటే కొడుకు మనసులో ఉన్నదాన్ని ఊహించి అతని తరఫున నిర్ణయాలు తీసుకోవడం. అది సేవ. కొంతమేరకు అతని గొంతును అరువు తెచ్చుకోవడం కూడా. పోయినవారి పేరిట ఏ పని చేసినా ఈ రెండూ కలిసే ఉంటాయి. వాటిని వేరుచేసి చూసుకోవడం చేసేవాని బాధ్యత.

తరువాత మారుతీరావు కుటుంబం శ్రీనివాస్ పేరిట ఒక పురస్కారాన్ని నెలకొల్పింది. భారతీయభాషలలో తొలిచిత్రంతో ప్రతిభ చూపిన దర్శకునికి ఏటా ఆగస్టు 12న దాన్ని అందజేస్తూ వచ్చారు. ఈ నిర్ణయంలోని ఆలోచన గమనించదగినది. కొడుకు మరణించిన తేదీ ఎవరో ఒకరి తొలిపనికి గౌరవం దక్కే తేదీ అయింది. పూర్తికాని ఒక తొలిచిత్రం పూర్తయిన తొలిచిత్రాలకు చోటిచ్చింది. ఆ వేదిక మీద ప్రతి సంవత్సరం కొత్తవ్యక్తి నిలబడతాడు. సభలో తండ్రి దుఃఖం ఉంటుంది, కాని సభ తండ్రి కోసం కాదు.

మారుతీరావు ఆత్మకథ పేరు ‘అమ్మకడుపు చల్లగా’. తెలుగువారికి ఇది పరిచితమైన దీవెన. మేలు చేసినవానిని చూసి ‘నీ తల్లి కడుపు చల్లగా’ అంటారు. ఆ బిడ్డ క్షేమంగా ఉండడం వల్ల కన్నతల్లి కడుపు చల్లగా ఉండాలని దాని భావం. బిడ్డను పోగొట్టుకుంటే తెలుగులో దాన్ని కడుపుకోత అంటారు. కడుపుమంట అని కూడా అంటారు. చల్లదనం, మంట, కోత ఈ మూడూ తెలుగుభాష సంతానాన్ని గురించి కడుపుకు అంటగట్టిన అనుభవాలు. కడుపుకోత అనుభవించిన తండ్రి తన జీవితకథకు దీవెనను పేరుగా పెట్టుకోవడంలో రెండు అర్థాలు ధ్వనిస్తాయి. తాను బిడ్డగా ఉన్న ఇంట్లో ఆ దీవెన ఫలించింది. తాను తండ్రిగా ఉన్న ఇంట్లో అది విఫలమైంది. అయినా దీవెనను వెనక్కు తీసుకోలేదు. గ్రంథానికి పేరుగా పెట్టడం వల్ల దాన్ని చదువరి ఇంటికి కూడా పంపినట్లయింది.

రచయిత అయిన నటునికి, రచయిత కాని నటునికి ఉన్న తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. తన దుఃఖాన్ని ఎవరు ఏ మాటలతో చెప్పాలో నిర్ణయించే అవకాశం రచయితకు కొంత ఉంటుంది. అభిమానుల కీర్తికథ కన్న ముందే తన కథను తాను చెప్పగలడు. తన దుర్బలత్వాన్ని చెప్పుకొని ధీరత్వపు పురాణాన్ని కూల్చగలడు. అదే అవకాశంలో ప్రమాదం కూడా ఉంది. పదేపదే చెప్పిన దుఃఖం క్రమంగా చెప్పేవాని శైలిలో భాగమవుతుంది. చదువరి మెచ్చుకున్న కొద్దీ వాక్యం మెరుగుపడుతుంది. మెరుగుపడిన వాక్యంలో పోయినవాడు ఎంత మిగిలాడన్న సందేహం నిజాయితీ గల రచయితను వదలదు, వదలకూడదు కూడా.

చివరివేషం – నాగేశ్వరరావు

గుడివాడ పరిసరాల నాటకాలలో స్త్రీవేషాలతో మొదలై, 1944లో ‘శ్రీ సీతారామ జననం’తో కథానాయకుడైన నాగేశ్వరరావు ‘దేవదాసు’ మొదలుకొని విషాదాంతపాత్రలకు పెట్టింది పేరు. ‘అక్కినేని ఆలోచనలు’ ఆయనలోని రచయితకు గుర్తు. 1981 నాటి ‘ప్రేమాభిషేకం’లో ఆయన పాత్రకు క్యాన్సరు వస్తుంది. ఆ నాయకుడు వ్యాధిని దాచి, ప్రియురాలు తనను అసహ్యించుకొనేలా నటిస్తాడు. ప్రేమించినవారికి దుఃఖం తగ్గించడానికి సత్యాన్ని దాచడం ఆ కథలో త్యాగం.

2011 డిసెంబరులో నాగేశ్వరరావు భార్య అన్నపూర్ణ మరణించారు. 2013 అక్టోబరులో ఆయన పత్రికలవారిని పిలిచి తనకు క్యాన్సరు వచ్చిందని స్వయంగా ప్రకటించారు. 2014 జనవరి 22న మరణించారు. కొడుకు, మనుమలతో కలిసి నటించిన ‘మనం’ అదే ఏడాది మే నెలలో విడుదలైంది. పోయిన తల్లిదండ్రులు మరుజన్మలో తిరిగి కనిపిస్తే ఎలా ఉంటుందన్నది ఆ చిత్రకథకు మూలం.

పాత్ర దాచిన సంగతిని నటుడు చెప్పడం విశేషం. పాత్రకు ఉన్న దుఃఖభాగస్వాములు ఒకరిద్దరు. నటునికి ఉన్నవారు లక్షలలో ఉంటారు. వారికి తెలియకుండా పోవడం సాధ్యం కాదు. వదంతి ముందు చెబుతుంది. అందువల్ల తన మరణాన్ని గురించి తానే ముందు చెప్పడం ఆయన తన కుటుంబానికి చేసిన మేలుగా కూడా అర్థం చేసుకోవచ్చు. ఇంటివారు ప్రతి గుమ్మం దగ్గరా జవాబు చెప్పవలసిన బరువు కొంత తగ్గింది. కీర్తి పుట్టించిన సమస్యకు కీర్తి ఉన్న గొంతుతోనే చేసిన పరిహారం అది. ఇక్కడ దుఃఖానికి కారణమైన వ్యక్తి, దాన్ని చెప్పిన వ్యక్తి ఒకరే. ఇతరుల సమ్మతి ప్రశ్న దాదాపు లేదు. మారుతీరావు, రామారావుల సందర్భాలలో పోయిన కుమారుల సమ్మతిని అడిగే వీలు లేదు. సొంత మరణాన్ని చెప్పడం కన్న సొంతవారి మరణాన్ని చెప్పడం కష్టతరమైన ధర్మసమస్య కావడానికి ఇదే కారణం.

పేరులేని మృతులు

ఈ చర్చ అంతటికీ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. స్టూడియోకు పేరు పెట్టడం, పురస్కారం నెలకొల్పడం, ఆత్మకథ రాయడం, పత్రికలవారిని పిలవడం ఇవన్నీ ప్రసిద్ధులకే సాధ్యం. విశాఖలో ఒక కెరటం తీసుకుపోయినవానికి పేరు నిలిచింది. అదే సముద్రం 1977లో సొర్లగొందిలో, పాలకాయతిప్పలో, చుట్టుపక్కల తీరగ్రామాలలో తీసుకుపోయినవారికి మిగిలింది ఒక సంఖ్య. అంతకు 113 ఏళ్ల క్రితం, 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో పోయిన దాదాపు 30,000 మందికి ఆ సంఖ్య కూడా ఉజ్జాయింపే. కుటుంబాలు కుటుంబాలే పోయినచోట తలచుకొని ఏడవడానికి కూడా మనిషి మిగలడు. దుఃఖానికి సైతం ఆస్తిపాస్తుల మాదిరి తారతమ్యం ఉందన్నమాట.

ఈ ఆక్షేపణ న్యాయమైనది. ప్రసిద్ధుల దుఃఖాన్ని నిషేధించడం దానికి పరిష్కారం కాదు. ఒక తండ్రి నోరు మూయించినంత మాత్రాన మరొక తండ్రికి నోరు రాదు. అడగవలసింది వేరు. ప్రసిద్ధుని దుఃఖంలో ఇతరుల దుఃఖానికి చోటుందా? తారతమ్యాన్ని అది పెంచుతున్నదా, తగ్గిస్తున్నదా? దివిసీమలో జోలె పట్టిన సందర్భం ఇక్కడ మళ్లీ పనికివస్తుంది. అవనిగడ్డకు చెందిన మంత్రి మండలి వెంకట కృష్ణారావు వంటివారు ఆ నేలమీద నిలబడి పునర్నిర్మాణానికి శ్రమించారు. నటులు చేసినది వేరొక పని. దూరాన ఉన్న ఊళ్లవారికి ఆ మరణాలు తమవని అనిపించారు. అభినవగుప్తుడు కావ్యానికి చెప్పిన సాధారణీకరణం అప్పుడు వీధులలో జరిగింది. నటుని ముఖం పరిచితం కాబట్టి అపరిచితుల దుఃఖం పరిచితమైంది. తేడా ఏమిటంటే, కావ్యంలో సామాజికుడు రసానుభూతితో ఇంటికి పోతాడు. జోలె ముందు నిలబడినవాడు జేబులో చేయి పెట్టాడు.

ఉపసంహారం

దుఃఖం ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు మూడు జవాబులు సాధారణంగా వినిపిస్తాయి. అది అనుభవించినవాని సొత్తు, కాబట్టి అతడు ఏమైనా చేసుకోవచ్చు. అది పోయినవారిది, కాబట్టి ముట్టరాదు. ప్రసిద్ధుని జీవితం ప్రజలది, కాబట్టి అది ప్రజలది. పై సందర్భాలు ఈ మూడింటి అసంపూర్ణతను చూపుతున్నాయి. అనుభవించినవానికి సర్వహక్కులు ఇస్తే పోలస్ చేతిలోని అస్థిపాత్ర దగ్గరికి చేరుతాం. ముట్టరాదంటే మౌనాన్ని కీర్తికథలు ఆక్రమిస్తాయి. ప్రజలదంటే ఇంటి దుఃఖం వినోదసామగ్రి అవుతుంది.

తెలుగుదేశంలో దేవాలయాలకు, సత్రాలకు ధర్మకర్తలు ఉండడం పాత ఏర్పాటు. ధర్మకర్త ఆస్తికి యజమాని కాడు. దాన్ని కాపాడతాడు, లెక్క చెబుతాడు, ఆకలిగా వచ్చినవానికి తలుపు తీస్తాడు. శోకితుడు తన దుఃఖానికి ఇటువంటి ధర్మకర్త అని భావిస్తే పై మూడు జవాబులలోని న్యాయం నిలుస్తుంది, అన్యాయం తగ్గుతుంది. చెప్పే అధికారం అతనికుంది. ఆ అధికారానికి కట్టుబాట్లు కూడా ఉన్నాయి. పోయినవారి పేరు తన పేరుకు ముందు నిలవాలి. వారి నోట తన మాట పెట్టకూడదు. ఆ స్మృతివల్ల వచ్చిన ఫలం తనకన్న ఇతరులకు ఎక్కువగా అందాలి. పేరులేని మృతులవారు వచ్చి కూర్చోవడానికి ఆ స్మృతిలో చోటుండాలి.

ఈ కొలతకు ఏ నటుడూ, ఏ రచయితా పూర్తిగా సరిపోడు. శోకంలో ఉన్నవాడు లెక్కలు సరిగా రాయలేడు, అతన్ని కఠినంగా తనిఖీ చేయడం కూడా తగదు. కాని చదువరికి, పరిశోధకునికి ఈ కొలత అవసరం. ఆత్మకథలను, స్మృతికావ్యాలను, నటుల జీవితచరిత్రలను చదివేటప్పుడు శోకం నిజమైనదా అని అడగడం కన్న, పుస్తకం మూసిన తరువాత ఎవరు గుర్తున్నారని అడగడం ఎక్కువ ప్రయోజనకరం. చెప్పినవాడే గుర్తుంటే అక్కడ కీర్తి పెరిగింది. పోయినవాడు గుర్తుంటే స్మృతి నిలిచింది. చదువరికి తన ఇంట్లో పోయినవారు, సముద్రం ఒడ్డున పేరు చెప్పేవారు లేకుండా పోయినవారు కూడా గుర్తుకు వస్తే, ఆ దుఃఖం ధర్మకర్త చేతిలో సరిగానే ఉందని అనవచ్చు.